సప్రెస్ అనే ఇంగ్లీషు మాటకు అరబ్బీలో ఏ మాట వాడాలి?

ప్రశ్న: రాజోలు టైపిస్టు

కువైట్ వెళ్ళే మా చుట్టుపక్కల ఊళ్ళవారికి కాగితాలు టైపు చేసి పెడుతుంటాను. దానితోపాటు, అక్కడ రోజూ అవసరపడే మాటలను ఇంగ్లీషు, తెలుగు, అరబ్బీలలో రాసి చిన్న పుస్తకంగా కుట్టి ఇస్తున్నాను. అందులో సప్రెస్ అనే మాట దగ్గర ఆగిపోయాను. ఈ మధ్య అక్కడున్న మా బావగారికి పొడిదగ్గు పట్టుకుంటే, ఫోనులోని అనువాదం చూసి, దగ్గును అణచే మందు కావాలని ఖమఅ అనే మాటతో అరబ్బీలో చీటీ రాసి పంపాను. మందుల షాపులో ఉన్నతను అది చదివి, దగ్గు ఏమైనా ప్రభుత్వం మీద తిరగబడిందా అని అడిగాడట. మందయితే ఇచ్చాడు గానీ, బావగారి గదిలోని మనవాళ్ళందరికీ నా చీటీ వారం రోజులు కాలక్షేపమైంది. నిఘంటువు తెరిస్తే ఈ ఒక్క మాటకు ఆరేడు అరబ్బీ మాటలు కనిపిస్తున్నాయి. ఏది ఎక్కడ వాడాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: అమలాపురం, మాజీ గల్ఫ్ ఉద్యోగి

టైపిస్టు గారూ, ఇంగ్లీషు మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం కిందికి నొక్కడమే. అందుకే ఇంగ్లీషువారు తిరుగుబాటుకూ, నవ్వుకూ, మంటకూ, వార్తకూ ఆ ఒక్క మాటే వాడుకుంటారు. మనం అలా అనం. తిరుగుబాటును అణచివేస్తాం, నవ్వును ఆపుకొంటాం, కోపాన్ని దిగమింగుతాం, ఫైలును తొక్కిపెడతాం. అరబ్బీ కూడా ఈ విషయంలో మన దారిలోనే నడుస్తుంది కాబట్టి, మీరు ఇంగ్లీషు నుంచి అరబ్బీకి వెళ్ళకుండా, ముందు తెలుగులో ఏమంటామో చూసుకొని దానికి అరబ్బీ మాట వెతికితే సగం చిక్కు విడిపోతుంది.

మీరు రాసిన ఖమఅ అనేది బలప్రయోగంతో ప్రజలను అణగదొక్కడానికి వాడే మాట. 1922–24 నాటి మన్యం తిరుగుబాటు గురించి అరబ్బీలో రాసేవారు ఈ మాట వాడితే, అణచినవారి జులుం కూడా అందులో వినిపిస్తుంది. అదే అఖ్మద అని రాస్తే తిరుగుబాటు చల్లారేలా చేశారన్నంత వరకే అర్థం వస్తుంది.

ఈ అఖ్మద అసలు నిప్పుకు సంబంధించిన మాట. కువైట్‌లో పెద్ద భవనాలలో మంటలను అదుపు చేసే ఏర్పాటు దగ్గర ఇఖ్మాద్ అల్ హరీఖ్ అని రాసి ఉంటుంది. గోడకు తగిలించే ఎర్ర సిలిండరును మాత్రం తఫ్ఫాయ అంటారు. మంట తగ్గినా కింద నిప్పు మిగిలి ఉంటే ఖమద (అఖ్మదకు మూలం ఇదే) అనీ, నిప్పు కూడా చచ్చి బూడిదైతే హమద అనీ పాత నిఘంటుకారులు తేడా చూపారు. మనవాళ్ళు నివురుగప్పిన నిప్పు అనేది ఆ మొదటిదాన్నే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి నుంచి ఎగదన్నిన బ్లోఅవుట్ మంట రెండు నెలలు దాటాక, మార్చి 15న గానీ లొంగలేదు. ఆ రోజులు చూసిన కోనసీమ వారికి ఆ రెండు మాటల మధ్య ఎంత దూరముందో నేను చెప్పనక్కరలేదు.

జవాబు: నరసాపురం, అరబ్బీ ఉపాధ్యాయుడు

పై జవాబుకు కొంత చేర్చుతున్నాను. కోపం విషయంలో వాడవలసిన మాట కజమ. తోలుతిత్తిని నీటితో నింపి, మూతి బిగించి కట్టడం దీనికి పాత అర్థాలలో ఒకటి. తిత్తి నిండుగానే ఉంటుంది, చుక్క మాత్రం బయటికి రాదు. మన ఉగ్గబట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచదు. ఖురాన్ మూడవ అధ్యాయం 134వ వాక్యంలో కోపాన్ని దిగమింగేవారిని ఈ మాటతోనే ప్రశంసించారు. మన ఊళ్ళలో వినిపించే కాజిం అనే పేరు కూడా ఇక్కడి నుంచి వచ్చినదే.

రహస్యాన్ని దాచినా, ఊపిరి బిగబట్టినా, నవ్వు ఆపుకొన్నా కతమ అంటారు. తుపాకి చప్పుడు వినపడకుండా చేసే గొట్టం కాతిమ్ అస్సౌత్. మనసులోని కోరికలను లోలోపల అణచుకోవడాన్ని మనస్తత్వశాస్త్రంలో కబ్త్ అంటారు. ఇది మీ చిన్న పుస్తకంలో అవసరపడదనుకుంటాను.

జవాబు: భీమవరం ఫార్మసిస్టు

దగ్గు మందుకు ముహద్ది లిస్సుఆల్ అని రాయండి. దగ్గును శాంతింపజేసేదని అర్థం, ఎవరూ నవ్వరు. మందు పెట్టెల మీద ముథబ్బిత్ అనే మాట కూడా కనిపిస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులను ముథబ్బితాత్ అల్ మనాఅ అంటారు. అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. తెలుగు లిపిలో ఒకేలా కనిపించే ముథబ్బిత్‌లు అరబ్బీలో రెండున్నాయి. చివర నిలువు కర్ర ఉన్న అక్షరం వస్తే నిరోధించేది; రెండు చుక్కలు పైన ఉన్న అక్షరం వస్తే, అందుకు పూర్తిగా వ్యతిరేకంగా, స్థిరపరచేది. అందుచేత మందుల విషయంలో తెలుగు ఉచ్చారణ ఒక్కటే రాసి ఇవ్వకండి.

అసలు దగ్గును ఆపవలసింది పొడిదగ్గులోనే. కఫం పడుతుంటే దాన్ని ఆపకూడదు కాబట్టి, జాఫ్ అంటే పొడిదనీ, బల్గమ్ అంటే కఫమనీ మీ పుస్తకంలో పక్కపక్కనే ఉంచండి. కోడీన్ అనే మత్తుమందు కలిసిన దగ్గు మందులపై గల్ఫ్ దేశాలలో కట్టుబాట్లు ఉన్నాయి. ఇక్కడ కొన్న సీసాను పెట్టెలో పెట్టి పంపవద్దని కూడా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: రాజోలు టైపిస్టు

అందరికీ కృతజ్ఞతలు. సప్రెస్ అనే శీర్షికనే కొట్టేసి, అణచు, ఆర్పు, ఆపుకొను, దాచు, దిగమింగు అని తెలుగు వరుసలో వేరువేరుగా రాసుకొన్నాను. బావగారు వాడుతున్న మందు పెట్టె ఫోటో తెప్పించి చూశాను. చివరి అక్షరానికి నిలువు కర్ర ఉంది.