తుక్కుతో అరకు కొండ: రైలు మోడల్‌కి ఏది పనికొస్తుంది, ఏది పారేయాలి?

ప్రశ్న (వైజాగ్ కొత్త డ్రైవర్):
అందరికీ నమస్కారం. ఆరడుగులకి నాలుగడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్ (అసలులో 87వ వంతు) బొమ్మ రైలు లేఅవుట్ వేస్తున్నాను. ఒక గుండ్రం, ఒక సైడింగ్ (పక్కకి చీలే పట్టా), అంతే. రైలు బాగానే తిరుగుతోంది. ఇప్పుడు చుట్టూ అరకు మీదుగా పోయే మన కొత్తవలస–కిరండూల్ లైను కనిపించాలి: కొండ, సొరంగం, ఎర్రమట్టి, ఓ చిన్న స్టేషను. రైలుకే జేబు ఖాళీ అయింది కాబట్టి సీనరీకి పైసా పెట్టను. అటక దులిపితే దొరికినవి: టీవీ పెట్టెలోని థర్మోకోల్, అట్టపెట్టెలు, విరిగిన గొడుగు, కొబ్బరి పీచు, పాత స్పాంజీలు. టీ పిప్పి రోజూ ఎలాగూ ఉంటుంది. కంకరకి భీమిలి బీచ్ ఇసుక తెద్దామనుకుంటున్నాను. స్టేషను కప్పుకి అట్టపెట్టె మధ్యలో ఉండే ముడతల కాగితం రేకులా వాడొచ్చా?

జవాబు (పాత గార్డు):
మిగతావి సరే గానీ, బీచ్ ఇసుక మాత్రం తేవద్దు బాబూ. మన తీరం ఇసుకలో నల్లగా మెరిసేది ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి ఖనిజం. ఇంజను మోటారులో అయస్కాంతం ఉంటుంది. రైలు తిరిగేకొద్దీ ఆ నల్ల రేణువుల్ని పైకి లాక్కుని గేర్లలో నింపుకుంటుంది. పైగా ఉప్పు. ఉప్పు తేమ పడుతుంది, ఇనుప మేకులూ ఇరుసులూ తుప్పు పడతాయి.

ఇల్లు కడుతున్న చోట ఓ గ్లాసుడు ఏటి ఇసుక అడిగి తెచ్చుకో. కడిగి, ఎండబెట్టి, అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుకంతా కలియతిప్పు. ఏటి ఇసుకలోనూ ఎంతో కొంత అంటుకుంటుంది, చూడు. ఇక సైజు. మన రైల్వే కంకర పెద్ద రాయి 65 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ అంటే 87వ వంతు కాబట్టి ముప్పావు మిల్లీమీటరు దాటితే అది కంకర కాదు, బండరాయి. రవ్వ జల్లెడలో జారి, టీ వడపోతలో ఆగిన నూక సరిపోతుంది.

పొడిగానే పరిచి, బ్రష్‌తో పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్ల మధ్య సర్దు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపిన నీళ్లు తుంపరగా కొట్టు. ఆ చుక్క లేకపోతే జిగురు లోపలికి దిగకుండా ముత్యాల్లా పైనే నిలబడుతుంది. తర్వాత ఫెవికాల్ సగం, నీళ్లు సగం కలిపి సూది తీసేసిన సిరంజితో వదులు. పాయింట్ల (రైలు ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లే చోటు) దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టు. కదిలే నాలుక అంటుకుపోతే ఇక ఊడదీయడమే.

జవాబు (స్కేలుబద్ద):
కప్పు సంగతి నేను చెప్తాను. అట్టపెట్టె ముడత పెద్దది. ఒక్కో మెట్టు (ఒక ముడత నుంచి పక్క ముడత దాకా దూరం) ఆరేడు మిల్లీమీటర్లు, అంటే అసలు కొలతలో అరమీటరు పైన! అలాంటి రేకు ఏ ఊళ్లోనూ ఉండదు. ఆస్బెస్టాస్ రేకు మెట్టు అసలులో 146 మిల్లీమీటర్లు, మోడల్లో 1.7 కి దిగుతుంది. ఇనుప రేకుదైతే ఒక మిల్లీమీటరు లోపే.

దీనికి నా మందు పేను దువ్వెన. టిఫిన్ పార్సిల్ చుట్టే అల్యూమినియం కాగితం దాని పళ్ల మీద పెట్టి, వాడేసిన రీఫిల్ మొనతో ఒక్కో సందులోకీ నొక్కుతూ పోండి. తీశాక అచ్చం రేకే. అడుగున సన్న అట్ట అంటించకపోతే చెయ్యి తగలగానే చదునైపోతుంది. పైన ఇటుక పొడి కలిపిన రంగు పల్చగా రాస్తే తుప్పు కూడా వచ్చేస్తుంది.

ఆరడుగుల మనిషి ఇక్కడ 21 మిల్లీమీటర్లు. ఏ తుక్కు ముట్టుకున్నా ముందు అగ్గిపుల్లని 21 దగ్గర తుంచి పక్కన నిలబెట్టి చూడండి. సగం సందేహాలు ఆ పుల్లే తీరుస్తుంది.

జవాబు (మిక్సీ బాధితురాలు):
మా వారిదీ ఇదే పిచ్చి కాబట్టి ఆకుల సంగతి నన్నడగండి. స్పాంజిని ముక్కలు కోసి, నీళ్లు పోసి మిక్సీలో తిప్పి, నీళ్లు పిండేసి, ఆకుపచ్చ పోస్టర్ కలర్ పట్టించి ఎండబెడితే చక్కటి ఆకులొస్తాయి. కానీ దానికి వేరే జార్ కొనుక్కోండి. చట్నీ జార్ ముట్టుకుంటే ఆ పూట ఇంట్లో టిఫిన్ ఉండదు. చెట్టు మానుకి పాత కరెంటు వైరులోని రాగి తీగలు మెలిపెట్టి, ఫెవికాల్, రంపపు పొట్టు పూసెయ్యండి. కొబ్బరి పీచు చెట్టుకంటే పట్టాల పక్కన ఎండుగడ్డికే బాగుంటుంది.

టీ పిప్పి పాలూ పంచదారా పడ్డాక తీసిందైతే చీమలకి విందు. డికాషన్ పిప్పే వాడండి, మళ్లీ రెండుసార్లు కడగండి, పెనం మీద సన్న సెగన తేమ పోయేదాకా వేయించండి. వైజాగ్ ముసురులో ఎండని నమ్ముకుంటే కొండంతా బూజే. అయినా అరకు ఎర్రమట్టి రంగు టీ పొడికి రాదు, ఇటుక పొడే వాడండి. టీ పొడి అడవిలో ఎండుటాకులకి సరి.

ప్రశ్న (వైజాగ్ కొత్త డ్రైవర్):
అందరికీ దండాలు. థర్మోకోల్ కొండకి రబ్బరు జిగురు వాడొచ్చా? మరి గొడుగు పారేయనా?

జవాబు (పాత గార్డు):
పెట్రోలు వాసన కొట్టే ఏ జిగురూ వద్దు. థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది. స్ప్రే పెయింటూ అంతే. ఫెవికాల్ రాసి రాత్రంతా బరువు పెట్టు. పైన పేపరు ముక్కలు జిగురు నీళ్లలో ముంచి రెండు పొరలు వేసి, ఆరాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పుయ్యి. సొరంగం మూసేముందు నీ దగ్గరున్న అన్నిటికంటే పొడుగు రైలు పెట్టెని లోపల నడిపించి చూడు. వంపులో పెట్టె నడుము లోపలి గోడకీ, చివరలు బయటి గోడకీ తగులుతాయి. కొండ వెనక చెయ్యి పట్టేంత కిటికీ వదులు. రైలు పట్టాలు తప్పేది సొరంగంలోనే.

గొడుగు పారేస్తావా? ఆ లైనుకి కరెంటు స్తంభాలు వద్దూ! గొడుగు కడ్డీ గాడిలా వంగి ఉంటుంది, అసలు ఉక్కు స్తంభంలాగే. నేల పైన పది సెంటీమీటర్లు ఉండేలా కోసి, ప్లైవుడ్‌కి చిల్లి పెట్టి దింపు. అసలు దూరాలు పాటిస్తే తిన్నటి లైన్లో స్తంభానికీ స్తంభానికీ ఎనభై సెంటీమీటర్ల దాకా పోతుంది, నీ బల్ల మీద అంత చోటు లేదు, ముప్పై చాలు. ఇనుము కాబట్టి పట్టాకి తగలనియ్యకు, షార్ట్ అవుతుంది. ఎన్ని కడ్డీలు విరక్కుండా ఉన్నాయో చెప్పు, సైడింగ్‌కి కూడా సరిపోతాయేమో చూద్దాం.