వరి తీసేసి పామాయిల్ వేయాలా? నీళ్ల లెక్క చెప్పండి

నల్లరేగడి88: మాది సత్తుపల్లి దగ్గర. బోరు కింద ఐదెకరాలు, వానాకాలం, యాసంగి రెండూ వరే. పామాయిల్ వేస్తే డబ్బులు మిగులుతాయా, నీళ్లు మిగులుతాయా?

గెలల రైతు: కళ్లు మూసుకుని వేసెయ్యండి. ఎకరాకి 57 మొక్కలు. చెట్టుకి రోజూ 200 లీటర్లు, 300 రోజులు పెట్టినా ఏడాదికి 34 లక్షల లీటర్లు. వరికి ఒక్క పంటకే 1200 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకి 48 లక్షలు.

ఎర్రమట్టి: ఆ 48 లక్షల్లో వాన నీళ్లెన్నో చెప్పలేదేం? మే నెలలో వరి ఉండదు, బోరుకి రెస్టు. మీ చెట్టు ఎక్కువ తాగేదే అప్పుడు.

గెలల రైతు: యాసంగి వరికి వానెక్కడిదండీ? మార్చిలో బోర్లు ఎండేది దేనివల్ల?

ఎర్రమట్టి: నేనడిగింది మే గురించి.

గెలల రైతు: డ్రిప్ ఉంటుంది కదా!

ఎర్రమట్టి: మే అండీ, మే.

సంతబజారు: నీళ్ల సంగతి సరే. గెలలు నాలుగో ఏడు నుంచే. అప్పటిదాకా అంతరపంటే దిక్కు. 2022లో టన్ను 22 వేలు దాటింది, 2023లో 14 వేల కిందకి పడింది. వరికి మద్దతు ధర ఉంది, ఇది విదేశీ నూనె రేటును బట్టి ఊగుతుంది.

గెలల రైతు: ఎర్రమట్టి గారూ, అసలు మీకు పొలం ఉందా? ఊరికే మే, మే అంటారు.

ఎర్రమట్టి: లేదు. పదకొండేళ్లు కౌలుకి చేసిన నాలుగెకరాలుండేవి. ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. పోయిన జూన్‌లో నారుమడి దున్నుదామని పోతే పొలమంతా గుంతలు, తొమ్మిది మీటర్లకొకటి, తాడు పట్టి తీసినట్టు. గట్టు మీద నా విత్తనాల బస్తా అట్లాగే పెట్టి ఫోన్ చేశా. "చెప్పడం మర్చిపోయా" అన్నాడు. పాతికేళ్ల పంట. కౌలోడు ఎట్లా పెడతాడు? దరఖాస్తుకి పాస్‌బుక్ అడుగుతారు.

గెలల రైతు: అది ఓనరు తప్పు, చెట్టు తప్పు కాదు. పన్నెండు రోజులకోసారి కోత, కూలీల టెన్షన్ లేదు. అందుకే వేస్తున్నారు.

ఎర్రమట్టి: ఆ "కూలీల టెన్షన్" మేమేనండీ.

నల్లరేగడి88: పోస్టులో ఒకటి రాయలేదు. ఈ ఐదెకరాల్లో రెండు మా బాబాయి వరసాయన కౌలుకి చేస్తున్నాడు. ఆయనకింకా చెప్పలేదు.

గెలల రైతు: డ్రిప్ సబ్సిడీకి ముందే పెట్టుకోండి. తర్వాత మొక్కలు దొరకవు.