అప్‌డేట్: గుర్రం కాళ్ల వెంట్రుకలకి చప్పుడు లేని ట్రిమ్మర్

గుంటూరులో పెళ్లి ఊరేగింపులకి తిప్పే మా మార్వారీ జాతి ఆడగుర్రానికి గిట్టల పైన వెంట్రుకలు బాగా పెరిగాయి, ట్రిమ్మర్ శబ్దం వింటేనే బెదిరిపోతోంది, ఏది కొనాలి అని మొన్న అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

చివరికి కుక్కలకి వాడే బ్యాటరీ ట్రిమ్మరే తీసుకున్నాను. గుర్రాల పెద్ద క్లిప్పర్ ఒళ్లంతా గొరగడానికి బాగుంటుంది కానీ, కాళ్లకి అంత బరువు, అంత గోల దేనికి? అసలు మా దానికి చప్పుడు కంటే అదురుతోనే ఎక్కువ ఇబ్బంది. మోకాలి కింద కండ ఉండదు, చర్మం కింద దాదాపు ఎముకే. అందుకే షాపులో ట్రిమ్మర్ ఆన్ చేసి నా మోచేతి ఎముకకి ఆనించి చూశాను. షాపతను వింతగా చూశాడు, చూస్తే చూశాడు.

బాబాయి పగ్గం పట్టుకుని బెల్లం ముక్కలు పెడుతుంటే, నేను పక్కన నిలబడి ట్రిమ్మర్ వెనకవైపుతో భుజం నుంచి కిందికి నిమిరాను. ముందు ఆఫ్‌లో, తర్వాత ఆన్ చేసి. చెవులు వెనక్కి వాల్చిందంటే ఆపెయ్యడమే. వెంట్రుకలు పొడిగా, మట్టి లేకుండా ఉండాలి, లేకపోతే బ్లేడు మొద్దుబారి లాగుతుంది. మధ్యమధ్యలో వేడెక్కిందేమో చూసి ఓ చుక్క నూనె వేశాను.

మొత్తం గొరిగెయ్యమన్నవాళ్లకి: షైర్, క్లైడ్స్‌డేల్ లాంటి బరువులు లాగే విదేశీ గుర్రాల జాతులకైతే ఆ వెంట్రుకలే అందం. మా దానికి అంత లేదు కానీ, కాలి వెనక కుచ్చు కొంచెం ఉంచాను, వాన నీళ్లు దాని మీదుగా జారిపోతాయి. కింద ఒకచోట పొక్కులు కనిపిస్తే పశువుల డాక్టరు గారికి చూపించాం, ఆయింట్‌మెంట్ ఇచ్చారు.

వెనక ఎడమ కాలు మాత్రం ఇంకా ట్రిమ్మర్‌తో ముట్టుకోనివ్వడం లేదు. శ్రావణం ముహూర్తాల దాకా దానికి కత్తెరే.