జాధవ్‌ను తేవాలంటే మనమూ ఒకణ్ని వదలాలా?

నల్లగొండ గడియారం:
కులభూషణ్ జాధవ్ 2016 మార్చి నుంచి పాకిస్తాన్ జైల్లోనే ఉన్నాడు. మన గూఢచార సంస్థ ‘రా’ ఏజెంటని వాళ్లు, ఇరాన్‌లో వ్యాపారం చేసుకునే మాజీ నేవీ ఆఫీసరని మనం. 2017లో ఉరిశిక్ష వేశారు. 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 15-1తో మన వైపు తీర్పిచ్చినా, విడుదల చేయమని మాత్రం చెప్పలేదు. ఇక మిగిలింది ఖైదీల మార్పిడే. వాళ్లవాణ్ని ఒకణ్ని ఇచ్చి మనవాణ్ని తెచ్చుకుంటే పోయేదేముంది?

దేవరకొండ బస్సు:
పోయేదేముందా? మేం హైదరాబాద్ పోతే దిల్‌సుఖ్‌నగర్‌లోనే దిగుతాం. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ బాంబులు పేలినప్పుడు మా అన్న ఆ చుట్టుపక్కలే ఉన్నాడు. రెండు గంటలు ఫోన్ కలవలేదు. అమ్మ గడప మీద కూచున్నది కూచున్నట్టే ఉండిపోయింది. ఆ కేసులో ఉరిశిక్ష పడ్డ ఐదుగురిలో వఖాస్ పాకిస్తానీ. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు కూడా ఖాయం చేసింది. అతణ్ని వాఘా దాటిస్తారా? 1999లో విమానం హైజాక్ చేస్తే కాందహార్‌లో మసూద్ అజర్‌ను వదిలాం, బయటికెళ్లి జైషే మహ్మద్ ఉగ్రవాద ముఠా పెట్టాడు.

నల్లగొండ గడియారం:
అన్నా, వఖాస్‌ను నేననలేదు. గూఢచారి వేరు, బాంబు పెట్టినవాడు వేరు.

పాలమూరు వకీలు:
ఆ గీత మనం గీస్తే చాలదు తమ్ముడూ. జాధవ్ మీద వాళ్లు టెర్రరిజం కూడా మోపారు. మన పంజాబ్‌వాడు సరబ్‌జిత్ మీద అక్కడి 1990 పేలుళ్లు మోపారు. దారితప్పి సరిహద్దు దాటాడని ఇంటివాళ్లు ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది, 2013లో లాహోర్ జైల్లో తోటి ఖైదీలు కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. పైగా మార్పిడికి దిగితే మనవాడు ఏజెంటేనని మనమే ఒప్పుకున్నట్టు.

మనకున్న పట్టల్లా వియన్నా ఒప్పందం 36వ అధికరణం. పట్టుబడ్డ విదేశీయుణ్ని వాళ్ల దౌత్యాధికారి కలవనివ్వాలి. హేగ్‌లో గెలిచింది దాని మీదే. 2017 డిసెంబర్‌లో తల్లీ భార్యా వెళితే అద్దం అవతలి నుంచే మాట్లాడించారు. మంగళసూత్రం తీయించారు, తల్లిని మరాఠీలో మాట్లాడనివ్వలేదు, భార్య చెప్పులు తిరిగివ్వలేదు. మనకు కడుపు మండింది. మరి 2015లో ఆలేరు దగ్గర, అప్పటికి అదీ నల్లగొండ జిల్లానే, కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు ఉగ్రవాద కేసుల విచారణ ఖైదీలు పోలీసు వ్యాన్‌లోనే ఎన్‌కౌంటరయ్యారు. బేడీలతో ఉన్న ఫొటోలు అందరం చూశాం. ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టినవాణ్నే. రేపు జాధవ్ పారిపోబోయాడని వాళ్లంటే ఏ నోటితో అడుగుతాం?

దేవరకొండ బస్సు:
వకీల్ సాబ్, దానికి వారం ముందే సూర్యాపేట బస్టాండులో ఉగ్రవాదుల కాల్పుల్లో చనిపోయిన కానిస్టేబుల్‌కూ హోంగార్డుకూ ఏ అధికరణం అడ్డుపడింది?

పాలమూరు వకీలు:
ఏదీ పడలేదు. అందుకే ఆ రోజు చప్పట్లు కొట్టిన.