పెద్ద స్ట్రోబ్ ఒకటా, చిన్నవి రెండా?

పానగల్లు_నీళ్లు
నీళ్ల లోపల ఫొటోలు తీసేటందుకు డిసెంబర్ల కర్ణాటకల నేత్రాణి దీవికి, అటెన్క అండమాన్ల హావ్‌లాక్ పోయేది ఉన్నది. మిర్రర్‌లెస్ కెమెరా బాడీ, దాంట్లనే పైకి లేచే పాప్‌అప్ ఫ్లాష్ లేదు. లెన్సులు రెండే, 60 ఎంఎం మాక్రో (చిన్నవాటిని దగ్గరగ తీసేది), ఫిష్‌ఐ (చానా వెడల్పుగ చూసేది). చేతిల ఉన్న పైసలకు గైడ్ నంబర్ (వెలుగు బలం చెప్పే అంకె) 33 ఉన్న పెద్ద స్ట్రోబ్ (నీళ్లల్ల వాడే ఫ్లాష్) ఒకటి వస్తది, లేకుంటే 20 నంబరువి చిన్నవి రెండొస్తయి. ఏది తీస్కోవాలె?

పాలమూరు_లెన్స్
పెద్దదే తీస్కో తమ్మి. మాక్రోకు ఒక్క లైటు సరిపోతది. ఫిష్‌ఐతోటి ఎండకు ఎదురుగ తియ్యాలంటే మాత్రం పవర్ లేకుండ నడవది. సూర్యుడు ఫ్రేముల పడ్డడంటే షట్టర్ సింక్ హద్దు (ఫ్లాష్‌తోటి కలిసి నడిచే వేగం) 1/200 సెకను, మహా అయితే 1/250 కాడ ఆగుతది. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే గుణం) ఎట్లాగూ 100 మీదనే. ఇంక మూసుకోవాల్సింది ఎపర్చరే (లెన్సు లోపలి రంధ్రం), ఎఫ్/16 దాక; ఎఫ్ నంబరు పెరిగినకొద్ది రంధ్రం చిన్నగైతది. అంత మూసినంక కూడ ముందరి పగడం మీద రంగు కనపడాలంటే 33 కావాలె. రెండోది వచ్చే ఏడు కొనుక్కోవచ్చు.

సోమశిల_రేవు
లెక్క చేసి చూద్దాం అన్నా. డబ్బా మీద రాసే గైడ్ నంబర్ గాలిలది, నీళ్లల్ల దాంట్ల మూడో వంతే పట్టుకోవాలె. 33 అంటే 11, 20 అంటే 6.7. దాన్ని మీటర్ల దూరంతోటి భాగిస్తె ఎఫ్ నంబరు వస్తది. ఐఎస్ఓ 100 మీద 70 సెంటీమీటర్ల దూరానికి పెద్దది ఎఫ్/16 ఇస్తది, ఒప్పుకుంట. చిన్నవి రెండూ ఒకే పగడం మీద పడితె వెలుగు రెట్టింపు, అంటే 20ని 1.4 తోటి గుణించాలె. 28 వస్తది, నీళ్లల్ల 9.4. ఇంకో పది సెంటీమీటర్లు దగ్గరికి జరిగి 60 కాడికొస్తె అదే ఎఫ్/16. ఆ పది సెంటీమీటర్ల కోసం పైసలన్నీ ఒక్కదానికేనా?

మరి ఫిష్‌ఐ మూల నుంచి మూలకు 180 డిగ్రీలు చూస్తది. ఒక్క స్ట్రోబ్ పరిచేది 100, 110 డిగ్రీలు. ఒక్కదానితోటి తీస్తె పగడం ఒక పక్క ఎర్రగ, ఇంకో పక్క నీలంగ.

పాలమూరు_లెన్స్
రెండు వెలుగులూ కలిసినకాడనే నీ 9.4. స్ట్రోబ్‌లను పట్టే కడ్డీలు (చేతులు) వెడల్పుగ పరిచినప్పుడు అంచులకు ఒక్కొక్కటే పడతది, అక్కడ 6.7 యే. వెలుగును పరిచే డిఫ్యూజర్ మూత పెడితె ఇంకో స్టాపు, అంటే సగం వెలుగు, పాయె. చిన్నదాన్ని ఎప్పుడూ ఫుల్ పవర్ల కొట్టాల్సొస్తది, మళ్ల ఛార్జి నిండేలోపల చేపల మంద పోనే పోతది. పెద్దది సగం పవర్ల ఆ పని చేస్తది, వెంటనే మళ్ల తయారు.

సోమశిల_రేవు
సూర్యుడు లేని ఫ్రేముకు ఐఎస్ఓ 400 పెడితె రెండు స్టాపులు ఉట్టిగనే వస్తయి. వెనకటి నీలం తెల్లబడకుండ షట్టర్ 1/60 నుంచి 1/250కి పెంచుకుంటె అయిపాయె. సూర్యుడున్న ఫ్రేముల ఈ ఉపాయం పారది, అది నీ మాటనే.

మోటరుబాయి
మీ ఇద్దరూ పవర్ మీదనే కొట్లాడుతున్రు. ఫొటో ఎక్కువగ ఖరాబయ్యేది నీళ్లల్ల తేలే నలకలతోటి. లెన్సుకూ చేపకూ నడుమ ఉన్న నీళ్ల మీద వెలుగు పడిందంటే మంచు కురిసినట్టు తెల్ల చుక్కలు, ఆడ పవర్ ఎంతున్నా ఇంకా పాడే. వైడ్‌కు, అంటే ఫిష్‌ఐకి, స్ట్రోబుల ముఖం డోమ్ (లెన్సు ముందరి గుండ్రటి అద్దం) కంటె వెనక, కెమెరా డబ్బా హ్యాండిళ్ల వరసల ఉండాలె. లోపలికి మళ్లించకు, నేరుగ గాని పదిహేను డిగ్రీలు బయటికి గాని తిప్పు, వెలుగు అంచు మాత్రమే పగడానికి తగలాలె. పగడం డోమ్‌కు ముప్పై సెంటీమీటర్ల లోపల ఉంటే చేతులు దగ్గరికి ముడువు, లేకుంటే రెండు వెలుగుల నడుమ నల్ల గుంత పడతది. ఒక్క స్ట్రోబ్‌తోటి ఈ అంచు పని ఒక పక్కనే అయితది. అందుకే నా ఓటు రెండింటికి.

మాక్రోకు కూడ చిన్నవే నయం. 15 సెంటీమీటర్ల దూరంల 6.7 నంబరు ఎఫ్/45 దాక ఇస్తది, నీకు కావాల్సిన ఎఫ్/22కు పావు పవర్ సరిపోతది. 60 ఎంఎం లెన్సు చేప మూతికాడికి పోతది కాబట్టి పెద్ద డబ్బా ఆడ ఇరకదు, పోర్టు (లెన్సు ముందరి అద్దపు మూత) నీడ పడతది. స్నూట్ (వెలుగును సన్నగ చేసే గొట్టం) తగిలించి గురి కుదుర్చుకునుడు కూడ చిన్నదానితోటే తేలిక.

ఒక ఖర్చు ఎవ్వరూ చెప్పలే. పాప్‌అప్ లేదు కాబట్టి స్ట్రోబ్‌కు సైగ పంపే ఎల్‌ఈడీ ట్రిగ్గర్, ఆ వెలుగు మోసే రెండు ఫైబర్ కేబుళ్లు తప్పవు. ట్రిగ్గర్‌ను మాన్యువల్ల పెట్టినవంటే స్ట్రోబ్‌ల కూడ ప్రీ‌ఫ్లాష్ (అసలు మెరుపు కంటె ముందొచ్చే చిన్న మెరుపు) లేని మోడ్ పెట్టు. ఒకటి ఒక తీరు, ఇంకోటి ఇంకో తీరు ఉంటే స్ట్రోబ్ ముందే కొట్టేస్తది, లేకుంటే కొట్టనే కొట్టది, ఫొటో చీకటి. "లైటు ఖరాబైంది" అనేటోళ్లల్ల సగం మంది కత ఇదే.

పానగల్లు_నీళ్లు
పోయేముందు మా దిక్కు బాయిల ప్రాక్టీసు చేస్తె ఏమన్న తిప్పలా అన్నా?

మోటరుబాయి
బాయి మోటరు స్టార్టర్ బంద్ చేయించుడే కాదు, ఫ్యూజులు పీకించి దగ్గర పెట్టుకో. కరెంటు మళ్లొస్తె ఆటో స్టార్టర్ తనంతట తనే మోటరు ఎత్తుకుంటది. ఒక్కనివే దిగకు.

స్ట్రోబ్ బ్యాటరీ గది ఓ-రింగు (నీళ్లు రాకుండ ఆపే మెత్తటి రింగు) మీద వెంట్రుకంత నలక ఉన్నా నీళ్లు లోపలికే. గ్రీజు మెరుపు వచ్చేదాక చాలు, ఎక్కువైతె దుమ్ము పడతది. సిలికాన్ రింగుకు సిలికాన్ గ్రీజు రాస్తె ఉబ్బుతది, కంపెనీ ఇచ్చిందే వాడు. మన నల్లగొండ బోరు నీళ్లతోటి కడిగి వదిలిపెడితె పోర్టు మీద, బటన్ల సందుల సున్నం పేరుకుంటది. ఆఖరి కడుగుడు ఆర్‌ఓ నీళ్లతోటి.

సెల్లులు నాలుగూ ఒకే రోజు కొన్న ఎన్‌ఐఎంహెచ్ (రీచార్జి అయ్యే రకం) ఉండాలె, జతకు నంబర్లు రాసుకో. ఒకటి ఉల్టా పెట్టినా, పాతది కలిపినా లోపల వేడెక్కి గ్యాసు పుడతది, పైకొచ్చి మూత తిప్పంగనే ఎగిరి ముఖానికి కొడతది. మూత ముఖానికి అవతలి దిక్కు పెట్టి తియ్యి.

పాలమూరు_లెన్స్
సరే, రెండు చిన్నవే తీస్కో. సూర్యుని ఫొటో కోసమే నేత్రాణి పోతున్న అంటే మాత్రం ఇంకోసారి ఆలోచించు.