పంజాకి అచ్చతెలుగు మాట ఏమైనా ఉందా?

పిల్లల కోసం ఒక పులి కథ రాస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయాను. పంజా పారసీ నుంచి వచ్చింది; 'పంజ్' అంటే అయిదు. పంజాబులో ఉన్నదీ అదే, మన 'పంచ'కి చుట్టమే. పులి ముందుకాలికి అయిదు గోళ్లు కాబట్టి పేరు బాగానే అతికింది, వెనక కాలికి మాత్రం నాలుగే! నఖం సంస్కృతం. గోరు మనదే, తమిళ ఉగిర్, కన్నడ ఉగురు దాని తోబుట్టువులు. కానీ మనిషిదీ గోరే, పులిదీ గోరే అయిపోయింది. వంకర తిరిగి, వేళ్లలోకి ముడుచుకుపోయే ఆ వాడి గోటికి గానీ, గోళ్లతో కలిపి ఆ పాదానికి గానీ మీ పెద్దవాళ్లు వేరే మాట వాడేవారా? ఏ ప్రాంతంలో, ఏ వాక్యంలో విన్నారో కూడా దయచేసి చెప్పండి.