ఇంటి ముందు జాగా: లాన్ వేయాలా, టైల్స్ పరచాలా, మట్టే ఉంచాలా?

పానగల్లు వాకిలి:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ. మూడు వందల గజాల్లో కొత్త ఇల్లు కట్టుకున్నాం, ముందు ఇరవై అడుగులు ఇంటూ ముప్పై అడుగుల జాగా మిగిలింది, గృహప్రవేశం అయినప్పటి నుంచి ఇంట్లో దాని మీదే పంచాయితీ. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు లాన్ వేయించమంటాడు, పిల్లలు సెలవులకు వస్తే ఆడుకుంటారని. మేస్త్రీ ఏమో పార్కింగ్ టైల్స్ వేసేస్తే వారంలో పని అయిపోతుందంటున్నాడు. నాకు మాత్రం మట్టి వాకిలి కావాలి. ఓ మూలకు వేప, ఓ మూలకు సీతాఫలం, గోడ వెంట మల్లె, కనకాంబరం, పొద్దుగాల సాన్పు చల్లి ముగ్గేసే చోటు.

నా మాట ముందే చెప్పేస్తున్నా. మన జిల్లాలో లాన్ వేయడం తప్పు. ఎండాకాలంలో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు ఐదారు మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. చదరపు మీటరు మీద మిల్లీమీటరు అంటే ఒక లీటరు. మా జాగా దాదాపు 56 చదరపు మీటర్లు, అంటే రోజుకు 280 నుంచి 330 లీటర్లు. మిషన్ భగీరథ పెట్టుకున్న లెక్క ఊళ్లలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135. అంటే మనుషులకని పెట్టిన నీళ్లు ఇద్దరు ముగ్గురివి గడ్డికే పోవాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లం మనం. నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చేదాకా ఈ జిల్లా ఎంత ఎదురుచూసిందో తెలిసి కూడా గడ్డికి పోయడానికి నాకు చేతులు రావు. మీరేమంటారు?

మిర్యాలగూడ తమ్ముడు:
అన్నా, లాన్‌కు నల్లా నీళ్లు ఎవరు పోస్తారు? అందరం బోరు నీళ్లే పోస్తాం. మా ఇంటి ముందు చిన్న లాన్ ఉంది. సాయంత్రం పిల్లలు ఫోన్లు పక్కన పడేసి గడ్డిలో దొర్లుతుంటే నాకు ఆ నీళ్లు దండగ అనిపించదు. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది, అలాంటి ఎండలో కంటికి కాస్త పచ్చదనం కావాలనుకోవడం తప్పెట్లా అవుతుంది? ఇంటికి అంత పెట్టినం, ముందర ఆ మాత్రం సోకు ఉండొద్దా?

పానగల్లు వాకిలి:
తమ్మీ, బోరు నీళ్లు ఎవరి సొంతం కావు. మన బోరు ఎక్కువ తోడితే పక్కింటి బోరు ఎండుతుంది. మన జిల్లా బత్తాయి రైతులు కరువు ఏళ్లలో ట్యాంకర్లు కొని చెట్టు చెట్టుకూ నీళ్లు పోసి తోటలు కాపాడుకున్నారు, కాపాడుకోలేనివాళ్లు కాపుకొచ్చిన చెట్లను నరికేసుకున్నారు. భూమిలో నీళ్లంటే మన దగ్గర అంత విలువ. పచ్చదనం వద్దని నేను అనడం లేదు, నీడనిచ్చే పచ్చదనం కావాలంటున్నా. గడ్డి నీడ ఇవ్వదు కదా.

దేవరకొండ అక్క:
ఈ చర్చలో ఒక్క ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఊడ్చేది ఎవరు? మట్టి వాకిలి గురించి ఇంత ప్రేమగా మాట్లాడేవాళ్లు రోజూ చీపురు పట్టుకునేవాళ్లేనా? మా అత్తగారింట్లో మట్టి వాకిలే ఉండేది, వేపచెట్టు ఉండేది. మాఘం దాటి ఫాల్గుణం వచ్చిందంటే ఆకు రాలుడు మొదలు, పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ చాప పరిచినట్టు ఆకు. తర్వాత పూత రాలుతుంది, ఆ తర్వాత వేపపండ్లు రాలి కాళ్లకు అంటుకుంటాయి, ఈగలు. వానకాలం ఒక్క వాన పడితే చెప్పులతో బురద వంటింటి దాకా వస్తుంది. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, రెండుసార్లు జారింది. ఇక పురుగూ పుట్రా సంగతి చెప్పక్కర్లేదు, రాత్రి కరెంటు పోతే పిల్లల్ని బయట అడుగు పెట్టనిచ్చేదాన్ని కాదు.

ఇప్పుడు వాకిలంతా టైల్స్ వేయించుకున్నాం. బకెట్ నీళ్లతో కడిగితే అయిపోతుంది. సంక్రాంతికి ముగ్గు టైల్స్ మీద కూడా వేసుకుంటున్నాం, రంగులు ఇంకా బాగా కనపడతాయి. మీ జాగా మీ ఇష్టం తమ్ముడూ, కానీ ఇంట్లో ఆడవాళ్లను అడిగి తేల్చుకోండి.

పాలమూరు నీడ:
అక్క చెప్పిన పని భారం నిజం, దాన్ని ఎవరూ తీసిపారేయొద్దు. అయితే టైల్స్ సంగతి ఒకసారి మే నెల మధ్యాహ్నం చూడండి. అరికాలు పెట్టలేం. పొద్దంతా తాగిన ఎండను రాత్రి పది దాకా గోడలకు, కిటికీలకు వదులుతూనే ఉంటుంది, ముందు గదిలో ఫ్యాన్ తిప్పితే వేడిగాలే వస్తుంది. మాది మహబూబ్‌నగర్, మా వీధిలో అందరూ గేటు దాకా సిమెంటు చేసుకున్నారు, ఇప్పుడు గట్టి వాన పడితే నీళ్లు ఇంకే చోటే లేక మోకాలి లోతున రోడ్డు మీదే నిలుస్తున్నాయి. అందరి వాకిలి శుభ్రంగానే ఉంది, వీధే చెరువయింది.

చెట్ల గురించి ఒక మాట. 2021లో వేపచెట్లు కొసల నుంచి ఎర్రగా మాడిపోతుంటే మా దగ్గర చాలామంది చచ్చిపోయాయనుకుని నరికేశారు. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు చేసిన పని. నరకకుండా వదిలేసిన చెట్లు చాలావరకు మళ్లీ చిగురించాయి. ఆ మాడు మళ్లీ మళ్లీ కనపడుతోంది కాబట్టి చెబుతున్నా, కొమ్మ ఎండగానే గొడ్డలి తేవొద్దు. మా పిల్లలమర్రిని చూడండి, దాదాపు ఏడు వందల ఏళ్ల చెట్టు, చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించి నిలబెట్టుకున్నారు. చెట్టంటే అంత ఓపిక పెట్టొచ్చు.

జడ్చర్ల నర్సరీ:
నేను మొక్కల పని చేసేవాణ్ణి, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా, ఏమనుకోకండి.

ముందు లాన్ సంగతి. బోరు నీళ్లతో మెక్సికన్ గ్రాస్ పెంచాలనుకునేవాళ్లు మొదటి ఏడు సంతోషంగానే ఉంటారు. మన బోర్లలో చాలా చోట్ల ఉప్పు ఎక్కువ. పోసిన నీళ్లు ఎండకు ఆవిరవుతాయి, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది, పైన తెల్లగా పొర కడుతుంది, గడ్డి మచ్చలు మచ్చలుగా పోతుంది. అప్పుడు మందులంటారు, ఎరువులంటారు, కారణం మాత్రం నీళ్లే. ఇంకోటి, ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోస్తున్నారు. ఉన్న ఉప్పు, ఫ్లోరైడ్ అంతా చిక్కబడి ఆ నీళ్లలోకే వస్తుంది. బాత్రూం కడగడానికి వాడండి, మొక్కలకు వద్దు. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాడిపోతున్నాయని నల్లగొండ వైపు నుంచి వచ్చేవాళ్లు చూపిస్తుంటారు. ఆ రెండూ ఫ్లోరైడ్‌ను అస్సలు తట్టుకోలేవు.

పిల్లలకు గడ్డి కావాలంటే గరిక ఉంది కదా! మృగశిర కార్తె వానలకు దానంతటదే లేస్తుంది, ఎండాకాలం ఎండినట్టు కనపడుతుంది కానీ వేరు చావదు, మళ్లీ వానకు పచ్చబడుతుంది. వినాయక చవితికి కొనుక్కునే పని కూడా ఉండదు. ఎండాకాలం గోధుమరంగులో ఉంటే ఓర్చుకోవాలి, అంతే.

పానగల్లు అన్నా, మీ జాగాలో వేప వద్దు. ఇంటి గోడకు, సంపుకు కనీసం పదిహేను అడుగుల దూరం కావాలి, మీకు ఆ వీలు కష్టం. గేటు బయట, పైన కరెంటు తీగలు లేని చోట పెట్టండి. లోపల బాలానగర్ రకం సీతాఫలం అంటు ఒకటి, కరివేపాకు, నిమ్మ, పారిజాతం చాలు. సీతాఫలం మా పాలమూరు చెట్టు, ఎండాకాలం ఆకు రాల్చుకుని నీళ్లు అడగకుండా ఉంటుంది, వానలకు పూతకొచ్చి దసరా నాటికి కాయ ఇస్తుంది. గుంత ఇప్పుడే రెండడుగులు తవ్వి ఎండకు వదిలేయండి, మొక్క మాత్రం రెండు మంచి వానలు పడ్డాకే. రోహిణి ఎండలో పెట్టి రోజూ బకెట్లు మోయడం ఎందుకు? పశువుల ఎరువు, పిడికెడు వేపపిండి కలిపితే చెదల బెడద తగ్గుతుంది. మల్లెకు నవంబరు చివర కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్లు నీళ్లు ఆపి ఎండబెట్టాలి, తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే మార్చి నుంచి మొగ్గలు. కత్తిరించడానికి మనసొప్పక వదిలేసేవాళ్ల మల్లె ఆకులే వేస్తుంది.

రాలిన ఆకు తగలబెట్టకండి, పాదుల్లో పరవండి. ఎండాకాలం తడి ఆరకుండా అదే కాపాడుతుంది.

దేవరకొండ అక్క:
ఆకులు పాదుల్లో పరిస్తే పాములు రావా? చెప్పడానికి బాగానే ఉంటుంది.

జడ్చర్ల నర్సరీ:
అక్కా, పాము వచ్చేది ఎలుక కోసం, దాక్కునే సందు కోసం. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు, సెంట్రింగ్ చెక్కలు గోడ పక్కన ఏళ్ల తరబడి పడి ఉంటాయి చూడండి, అవి ముందు తీసేయాలి. ఆకు మందంగా కాకుండా నాలుగు వేళ్ల ఎత్తు, అది కూడా గుమ్మానికి దూరంగా ఉన్న పాదుల్లోనే. రాత్రి గేటు దగ్గర లైటు, చేతిలో టార్చి తప్పనిసరి. భయం లేదని నేను చెప్పను, పల్లెకైనా పట్నానికైనా ఆ జాగ్రత్త ఉండాలి.

పానగల్లు వాకిలి:
అక్కా, మీ మాట ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ మీ పక్షమే. గేటు నుంచి గుమ్మం దాకా నాలుగడుగుల వెడల్పున తాండూరు బండలు వేస్తాం, అమ్మ నడవడానికి, బురద రాకుండా. నున్నటివి కాదు, గరుకువి, బండల మధ్య సిమెంటు పూయకుండా ఇసుకే నింపుతాం. మిగతాది మట్టే, ఆదివారాలు ఊడ్చేది నేనే, ఇది మా మధ్య తేలిన మాట. డాబా నీళ్లు ఇంకుడు గుంతలోకి మళ్లిస్తున్నా. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్ల వాన పడితే అరవై ఐదు వేల లీటర్లు. అందులో సగం ఇంకినా నా బోరుకే కాదు, పక్కవాళ్లకూ మేలు.

మిర్యాలగూడ తమ్ముడు:
అన్నా, నా లాన్ అయితే నేను తీయను. కానీ ఇంకుడు గుంత ఈ వానకాలం లోపే తవ్విస్తా. అందులో ఏమేం నింపాలి?

జడ్చర్ల నర్సరీ:
అడుగున పెద్ద రాళ్లు, దాని మీద కంకర, పైన దొడ్డు ఇసుక. పునాదికి దూరంగా తవ్వించు తమ్మీ. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడిగి మళ్లీ వేయాలి, లేకపోతే పూడిక పట్టి నీళ్లు దిగవు. డాబా మీద నుంచి వచ్చే మొదటి వాన నీళ్లు దాంట్లోకి పోనీయకు, అందులో దుమ్మంతా ఉంటుంది.

దేవరకొండ అక్క:
బండల మధ్య ఇసుకలో గడ్డి మొలుస్తుంది, అది పీకేది కూడా మీరేనని ఆ ఒప్పందంలో రాసుకోండి తమ్ముడూ. నా టైల్స్ సంగతి అయితే నేను మార్చుకోను, మా ఇంట్లో నడవలేని మనిషి ఉంది. డాబా మీద కుండీల్లో మల్లె పెడతా. నవంబరు కత్తిరింపు అన్నారు కదా, కుండీ మల్లెకు కూడా అదే పద్ధతేనా?

జడ్చర్ల నర్సరీ:
అదే అక్కా. కాకపోతే కుండీ మట్టి తొందరగా ఆరిపోతుంది, నీళ్లు పూర్తిగా ఆపకండి, తగ్గించండి.